తరంగములను మ్రింగు మసి



మైక్రోతరంగములని కంటికి గోచరింపని తరంగములు కలవు. మచిలీపట్టణమున తుపానుల జాడ తీయు రాడారు వీనినే పంపుచున్నది. వాని పొడవు సుమారు 10 సెంటిమీటరులు. అవి వానచినుకులను తాకి మరలివచ్చుటచే మబ్బుల ఉనికి తెలియును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మన భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతముల వారికి ఆ యంత్రము విలువను వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే, తరంగము మరలి రాకూడని తావులును కలవు. ఇట్టి యంత్రములను పరీక్షించు గదులలో గోడలు ప్రతిధ్వని నీయరాదు. వట్టి గదిలో మాట మారుమ్రోగును; పత్తిబోరెములు నింపిన గదిలో అణగిపోవును. అట్లే ఆ గోడలకు బొగ్గు కలిపిన నురుగుదిమ్మెలను తాపుదురు.

తాటాకుపై గంటముతో వ్రాసి, అక్షరములు కనబడుటకు మన పూర్వులు పూసిన మసియు బొగ్గు జాతిదే. రబ్బరు, ప్లాస్టిక్కు విద్యుత్తును పోనీయవు, బొగ్గు పోనిచ్చును. ప్లాస్టిక్కులో మసి కొలదిగ కలిపినచో రేణువులు దూరదూరముగ నుండును. కాలువలో ఎడముగ వేసిన రాళ్లపై దాటలేము గదా! రాళ్లు పెరిగి దగ్గరయైనప్పుడు దారి యేర్పడును. 1991లో జపానుదేశీయుడగు ఇజిమా సుమియో వర్ణించిన బొగ్గుగొట్టములు వెండ్రుకను వేలపాళ్లు చేసినంత సన్ననివి, పొడవైనవి. రాళ్లకు మారుగ వెదురుబొంగులు పరచినట్లు, ఇవి 100లో ఒక్క పాలు చేరినను తరచుగ దారి యేర్పడును.

ఇందు మితమే ప్రధానము. బొగ్గు చాలనిచో తరంగము దాటిపోవును. మితిమీరినచో రాగిరేకుపై వలె పైననే తగిలి మరలును. తగుపాళ్లలో నున్నచో లోనికి చొచ్చి, అందలి విద్యుత్కణములను కదలించి, వేడిగ మారి నశించును. పూతమందము కూడ తరంగపు పొడవునకు తగియుండవలెను.

ఇది తెలిసికొనుటవలన మనకేమి ప్రయోజనమందురా? చేతిఫోనునకు అంటించినంతనే తరంగములనెల్ల హరించునని చెప్పి చిన్నబిళ్లలు అమ్మువారు కలరు. ఫోను తరంగములను నలుదిక్కులకు పంపును. కాసంత బిళ్ల ఒక మూలను కప్పి ఏమి చేయగలదు? నిజముగ అడ్డగించినచో, స్తంభమునకు అందుటకై ఫోను మరింత బలముగ పంపవలసివచ్చును. అమెరికాలో 2002లో ప్రభుత్వమువారి వర్తక సంఘము ఇట్టివి అమ్మిన రెండు కంపెనీలపై అసత్యప్రకటనల నేరము మోపినది. తరంగము తగ్గవలెనన్నచో ఫోనును ఒంటికి దూరముగ నుంచుటయే సులభమార్గము; అందులకు కానీ ఖర్చులేదు.

కావున అమ్మువాడు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: ఏ తరంగమునకు? ఎంత మందమున? ఎవరు కొలిచిరి? సమాధానము రానిచో మీ రూకలు మీ మొలనే యుండనిండు.