ఉమ్మడి రాజ్యమున భాగపరిష్కారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పల్లెలలో భాగపరిష్కారమన నేమో తెలియనివారు లేరు. అన్నదమ్ములు కలిసియున్నంతకాలము పొలము ఒకటి, గాదె ఒకటి, పెత్తనము ఒకరిది. సంసారములు పెరిగినకొలది పొయ్యిలు వేరగును. పొలము మాత్రము ఉమ్మడిగనే యుండును. మరికొంత కాలమునకు ఒకడు లేచి, నా భాగము నాకు కొలిచి యిండనును. మొదటిది పొయ్యి వేరగుట. రెండవది పొలము వేరగుట. ఈ రెండింటికిని గల భేదము కుటుంబములలో నెంత ముఖ్యమో రాజ్యములలోను అంత ముఖ్యము. ఒక ప్రాంతము పెద్దరాజ్యమున నిలిచియే, తన బడులను, ఆస్పత్రులను, రహదారులను తానే చూచుకొనుట ప్రాంతీయ స్వపరిపాలన. ఆ రాజ్యమును విడిచి తన సైన్యమును, తన రాయబారులను తానే ఏర్పరచుకొనుట స్వాతంత్ర్యము.

ఈ రెండింటి నడుమ మూడు శతాబ్దములుగా ఊగులాడుచున్న రాజ్యమొకటి కలదు. అది మరేదియో కాదు, ఒకనాడు భారతదేశమును ఏలిన బ్రిటను. పరుల యిండ్లపై పెత్తనము చేసిన యిల్లు తన యింటి పంపకము నెట్లు నడిపినదో విచారించుట వినోదమునకు మాత్రమే గాక వివేకమునకును పనికివచ్చును.

తెల్లవారినందరిని ఇంగ్లీషువారనుట పల్లెల వాడుక. దత్తమండలములలో రైత్వారీ పద్ధతిని పాదుకొల్పి, 1827లో పత్తికొండలో కన్నుమూసిన సర్ థామస్ మన్రో ఇంగ్లీషువాడు కాడు. గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువాడు. ఆ రాజ్యమున ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు అను నాలుగు దేశములు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క త్రోవను వచ్చి చేరినది. చేరిన త్రోవను బట్టియే తరువాతి తగవులును పుట్టినవి.

1603లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు నిస్సంతుగా గతించెను. ఆమెకు దాయాదియైన స్కాట్లండు రాజు ఆరవ జేమ్సు ఇంగ్లండునకును రాజయ్యెను. రెండు కిరీటములు ఒక శిరస్సున చేరెనే గాని పార్లమెంటులు రెండుగనే నిలిచెను. నూరేండ్లపైని ఈ యేర్పాటు సాగెను. ఈలోగా స్కాట్లండువారు 1695లో ఒక వర్తక సంఘమును స్థాపించి, పనామా భూసంధియందలి డేరియన్ అను చోట వలస నాటబూనిరి. 1698లో ఓడలు బయలుదేరెను. జ్వరములచేతను, తిండిలేమిచేతను, స్పెయినువారి ముట్టడిచేతను 1700 నాటికి ఆ వలస నశించెను. ప్రభువులు, వర్తకులు, పట్టణ సంఘములు చందాలు వేసిన సొమ్మంతయు మునిగెను.

చేతిలో రొక్కము లేనివానితో బేరము సులభము. 1707 మే 1వ తేదీన రెండు పార్లమెంటులును ఒకటి యయ్యెను. ఒడంబడికయందు 25 షరతులు కలవు. కామన్సు సభలో స్కాట్లండునకు 45 స్థానములు, ప్రభువుల సభలో 16 స్థానములు ఇచ్చిరి. ఇంగ్లండు అప్పులలో ఇకమీదట స్కాట్లండువారును పాలు పంచుకొనవలసియుండుటచేత, అందుకు బదులుగా 3,98,085 పౌనుల 10 షిల్లింగులు ముట్టజెప్పిరి. అందులో కొంత డేరియన్ వాటాదారుల నష్టమును పూడ్చుటకు వినియోగమాయెను. లెక్క షిల్లింగులతో సహా సరిపోయినది. అడుగవలసినవారిని మాత్రము అడుగలేదు. వోటు గలవారు ఆనాడు బహు స్వల్పసంఖ్యాకులు. ఎడింబరోలోను గ్లాస్గోలోను జనులు వీథులకెక్కి అల్లరి చేసిరి.

అయినను ఆ పత్రము వ్రాసినవారికి ఒక వివేకము లేకపోలేదు. స్కాట్లండు న్యాయశాస్త్రమును, న్యాయస్థానములను, మతసంఘమును దానికే విడిచిరి. మతసంఘము చేతిలోని పల్లె బడులును అట్లే నిలిచెను. పెత్తనము లండనునకు పోయినను స్కాట్లండు పొయ్యి ఆరిపోలేదు. ఆ పొయ్యి మండుచుండుటచేతనే మూడువందల యేండ్లకును ఆ జాతి తన్ను తాను మరవలేదు.

ఐర్లండు కథ వేరు. 1801 జనవరి 1 నుండి దానిని ఉమ్మడిలో చేర్చిరి. ప్రజలలో అధికసంఖ్యాకులైన కాథొలిక్కులకు 1829 వరకు పార్లమెంటున కూర్చుండు హక్కే లేకుండెను. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టెను. బీదలకు అదియే అన్నము. కొలది యేండ్లలో సుమారు 10 లక్షలమంది మరణించిరి. మరి 10 లక్షలమంది దేశము విడిచి ఓడలెక్కిరి. ఆ యేండ్లలోనే ఐర్లండు రేవులనుండి ధాన్యము ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. ఉమ్మడి గాదె నిండియుండగా ఒక తమ్ముని యింట పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆ దినములను ఐర్లండు మరవలేదు.

1886లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టను ఒక బిల్లు తెచ్చెను. ఐర్లండు రాజ్యముననే యుండును. యింటి వ్యవహారములకు మాత్రము డబ్లిన్ నగరమున ఒక సభ యుండును. దీనికే హోమ్ రూలని పేరు. కామన్సు సభలో అది 30 వోట్లతో ఓడెను. 1893లో మరల తెచ్చెను. కామన్సు సభ ఒప్పుకొనెను గాని ప్రభువుల సభ 41కి 419 వోట్లతో త్రోసివేసెను. మూడవ బిల్లు 1912లో వచ్చెను. ఉత్తరమున అల్‌స్టర్ ప్రొటెస్టెంటులు, డబ్లిన్ సభలో తాము అల్పసంఖ్యాకులమగుదుమని భయపడి, ఆయుధములు సైతము కూర్చుకొనిరి. వారి భయమును నిష్కారణమని త్రోసివేయరాదు. తుదకు 1914 సెప్టెంబరు 18న ఆ బిల్లు చట్టమాయెను. అప్పటికే మహాయుద్ధము మొదలగుటచేత, ఆచరణ యుద్ధానంతరమునకు వాయిదా పడెను.

తిక్కన సోమయాజి ఉద్యోగపర్వమును చదివినవారికి ఈ కథ క్రొత్త గాదు. ధర్మరాజు అర్ధరాజ్యము విడిచి అయిదూళ్లకు దిగెను. సుయోధనుడు సూదిమొన మోపినంత నేలయు ఈయననెను. అయిదూళ్లు ఈయనివాడు సర్వమును పోగొట్టుకొనెను. 1886లో ఐర్లండు అడిగినది అయిదూళ్లే. ఈయకపోగా, 1916 ఈస్టరు పండుగనాళ్లలో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచెను. దాని నాయకులను ప్రభుత్వము కాల్చి చంపించెను. అంతవరకు ఊగిసలాడినవారి మనస్సులును దానితో విరిగెను. 1918 ఎన్నికలలో ఐర్లండునకు గల 105 స్థానములలో 73 పూర్తి స్వాతంత్ర్యము కోరువారికి లభించెను. 1919 నుండి 1921 వరకు యుద్ధము సాగెను. 1922లో ఇరువదియారు జిల్లాలు స్వేచ్ఛారాజ్యమై విడివడెను. ఉత్తరమున ఆరు జిల్లాలు బ్రిటనుతో నిలిచెను. ఇల్లును విడిపోయెను, విడిపోయిన భాగమును రెండాయెను.

ఈ హోమ్ రూలు అను మాటయే 1916లో అనీబిసెంటుగారి ఉద్యమము మూలమున మద్రాసునుండి తెలుగు పల్లెలకు వచ్చినది. ఆ యుద్యమమున పనిచేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకును నాయకులగుట ఈ సభలో స్మరింపదగిన విషయము.

ఉత్తర ఐర్లండునకు 1921లో సొంత పార్లమెంటు ఏర్పడెను. అధికారము అధికసంఖ్యాకుల చేతిలోనే యేబదియేండ్లు నిలిచెను. ఇండ్ల కేటాయింపులోను, ఉద్యోగములలోను తమకు అన్యాయము జరుగుచున్నదని కాథొలిక్కులు మొరపెట్టిరి. 1960ల చివర అలజడులు చెలరేగగా, 1972లో లండను ఆ సభను నిలిపివేసెను. ముప్పదియేండ్ల కలహమున 3,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1998 ఏప్రిలు 10న కుదిరిన ఒడంబడికచే ఇరుపక్షములును కలిసి పాలించుటకును, మెజారిటీ ప్రజలు వోటుచే కోరిననాడు ఐర్లండుతో కలియుటకును త్రోవ ఏర్పడెను. స్వపరిపాలన కోరువారు ముందుగా తమ యింటిలోని చిన్నవారికి న్యాయము చేయవలెనని ఈ చరిత్ర బోధించుచున్నది.

ఇక స్కాట్లండు. ఉత్తర సముద్రమున చమురు బయలుపడిన తరువాత అచ్చట సొంత సభ కావలెనను కోరిక బలపడెను. 1979 మార్చి 1న ప్రజలను అడిగిరి. వోటు వేసినవారిలో నూటికి 51.6 మంది ఔననిరి. అయితే మొత్తము వోటర్లలో నూటికి 40 మంది ఔనన్నగాని చెల్లదని ముందే ఒక షరతు పెట్టియుండిరి. ఆ లెక్కన 32.9 మాత్రమే వచ్చెను, ప్రయత్నము వమ్మయ్యెను. 1997 సెప్టెంబరు 11న మరల అడుగగా నూటికి 74.3 మంది సొంత పార్లమెంటు కోరిరి. 1999లో 129 సభ్యులతో ఎడింబరోలో సభ కూడెను. వైద్యము, విద్య, న్యాయపాలన, వ్యవసాయము దాని వంతు. సైన్యము, విదేశ వ్యవహారములు, నాణెము లండను వంతు. వేల్సునకును ఆ యేడే నూటికి 50.3 వోట్లతో సభ లభించెను.

పత్రములు చదువనేర్చినవారు ఇచ్చట ఒక సందేహమును అడుగవలెను. ఇది శాశ్వత పట్టాయా, కౌలా? భారత రాజ్యాంగము ఏడవ అనుసూచికలో అధికారములను మూడు పట్టికలుగ విభజించినది. రాష్ట్రముల అధికారము రాజ్యాంగమునుండియే వచ్చినది. కేంద్రము ఒక సామాన్య చట్టముతో దానిని తుడిచివేయజాలదు. బ్రిటనున అట్టి లిఖిత రాజ్యాంగ గ్రంథము ఒకటి లేదు. స్కాట్లండు సభను కల్పించిన 1998 చట్టములోనే, లండను పార్లమెంటునకు స్కాట్లండును గూర్చి చట్టములు చేయు అధికారము తరుగదని వ్రాసియున్నది. 2016లో చేసిన మరియొక చట్టము ఆ సభ శాశ్వతమనియు, ప్రజల వోటు లేనిదే రద్దు చేయరాదనియు పలికెను. అయినను మొదటి షరతు మొదటి షరతుగనే యున్నది. కామన్సు సభయందలి 650 స్థానములలో ఇంగ్లండునకు 543, స్కాట్లండునకు 57. అన్నగారు ఒక్కరు కాదన్న తక్కిన మువ్వురి మాట చెల్లదు.

తెలుగునాటి విభజనలను దీనితో కలిపి చూచుట కొందరికి సహజము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము, 2014 జూను 2న తెలంగాణము ఏర్పడినవి. ఇవన్నియు భారత యూనియను లోపలి పంపకములు. ఏ యొకటియు దేశమును విడుట కాదు. కావున పోలిక కొంతవరకే చెల్లును. అయితే ఏ ప్రాంతమును ఏ షరతులపై కలిపిరో, ఆ షరతులు ఎంతవరకు నిలిచెనో అను ప్రశ్న మాత్రము అచ్చటను ఇచ్చటను ఒకటియే.

ఆ 2014వ సంవత్సరముననే సెప్టెంబరు 18న స్కాట్లండు ప్రజలు, దేశము స్వతంత్రము కావలెనా అను ప్రశ్నకు జవాబు చెప్పిరి. ఐర్లండు చట్టమునకు సరిగా నూరేండ్లు నిండిన దినమది. రెండు ప్రభుత్వములును 2012లో ఎడింబరోలో ఒడంబడిక చేసికొని, ఫలితమును మన్నింతుమని ముందే చేవ్రాళ్లు చేసియుండిరి. పదునారేండ్ల వారికిని వోటు కలిగెను. స్వాతంత్ర్యము కోరువారు, చమురును, నిర్ణయములును తమవే కావలెననిరి. కలిసియుండుదమనువారు, నాణెము, పింఛనులు, వర్తకము ఉమ్మడిగనుండుటయే మేలనిరి. నూటికి 84.6 మంది వోటు వేసిరి. ఔనన్నవి 16,17,989, కాదన్నవి 20,01,926. తేడా 3,83,937. ఒక్క తుపాకియు పేలలేదు. ఓడినవారు కంట నీరు పెట్టుకొనిరే గాని కత్తి పట్టలేదు.

తగవు దానితో తీరలేదు. 2016 జూను 23న ఐరోపా సంఘమును విడుటను గూర్చి రాజ్యమంతటను వోటు జరిగెను. మొత్తముమీద నూటికి 51.9 మంది విడుదమనిరి. స్కాట్లండున 62 మంది నిలుతుమనిరి. 2020 జనవరి 31న స్కాట్లండును తక్కినవారితో వెలుపలికి రావలసివచ్చెను. పరిస్థితి మారినది గావున మరల అడుగవలెనని ఎడింబరో కోరెను. ఒక తరమునకు ఒకమారు చాలునని లండను పలికెను. 2022 నవంబరు 23న సుప్రీముకోర్టు, లండను సమ్మతి లేక స్కాట్లండు సభ అట్టి వోటు జరుపుటకు చట్టము చేయజాలదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. చట్టప్రకారము అది స్పష్టమైన తీర్పే. అయితే మరల ఎప్పుడు అడుగవచ్చునో, ఎవరు నిర్ణయింపవలెనో ఏ పత్రమునను వ్రాసియుండలేదు. తగవంతయు ఆ వ్రాయని పంక్తిలో నున్నది.

ఈ లెక్కనంతయు కూడి చూడగా తేలునది ఇది. భాగము అడిగినవాడెల్ల ఇల్లు కూల్చువాడు కాడు. కోరిన కొలదిని సకాలమున, ఉభయుల సమ్మతితో, స్పష్టమైన పత్రముతో ఇచ్చిన యెడల ఉమ్మడి నిలిచినను నిలుచును. విడిపోయినను బంధుత్వము మిగులును. ఆలస్యము చేసిన ఐర్లండునందు బ్రిటను నేలను పోగొట్టుకొనెను. నెత్తుటి బాకీయు మిగిల్చుకొనెను. అడిగి చూచిన స్కాట్లండునందు ఉమ్మడి నేటికిని నిలిచియున్నది, వాదము నోటితో సాగుచున్నది. ఆ వాదమును నోటితోనే సాగనిచ్చుట పెద్దరాజ్యమునకు గొప్పతనమే గాని లోపము గాదు.

ఇట్టి విషయములను పల్లెయందు కూర్చుండి చదువుటకును, తర్కించుటకును అవకాశము కల్పించినది గ్రంథాలయము.  ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.

స్వస్తి.