కండరాల జబ్బులు - రకాలు, కారణాలు, చికిత్స
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట జబ్బుల ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చును. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. అనంతపురం, కడప, చిత్తూరు ప్రాంతాలనుంచి పిల్లలను ఎత్తుకొని హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రికి వచ్చే మనవారికి రాయితీ ఫారాలు నింపిపెడుతూ, డాక్టర్లను అడిగి, పుస్తకాలలో సరిచూసుకొని తెలుసుకొన్న సంగతులు మనవి చేస్తాను. చెప్పదలచినది ఒక్కటే: కండబలం తగ్గితే కర్మమని కూర్చోనూ వద్దు, ఎవరు ఏ మందు చెబితే అది మింగనూ వద్దు. ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి.

మన ఒంట్లో 600కు పైగా కండరాలున్నవి. బండి కదలాలంటే ఇంజను బాగుంటే చాలదు. సిగ్నలు పడాలి, తీగ తెగకుండా ఉండాలి. అలాగే చెయ్యి లేవాలంటే మెదడు ఆజ్ఞ ఇవ్వాలి, వెన్నుపామూ నరమూ దాన్ని మోయాలి, నరం కండరాన్ని కలిసేచోట అది అందాలి, చివరికి కండరం పనిచేయాలి. వీటిలో ఏది చెడినా పైకి కనిపించేది బలహీనతే.

ముందుగా మందుకు లొంగేవాటిని చెబుతాను. థైరాయిడ్ పని మందగించినా, డి విటమిన్ బాగా తగ్గినా, రక్తంలో పొటాషియం పడిపోయినా, కొలెస్టరాలుకు వాడే స్టాటిన్ మాత్రలు పడకపోయినా కండరాలు నీరసిస్తాయి. కారణం సరిచేస్తే చాలావరకు బలం తిరిగి వస్తుంది. పాలీమయోసైటిస్ అనే జబ్బులో శరీరపు రక్షణశక్తే సొంత కండరాలమీద తిరగబడుతుంది. దీనికి స్టెరాయిడ్లు ఇస్తారు. మయస్తీనియాలో ఉదయం బాగున్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలుతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే వైద్యురాలు దీనికి మందు కనిపెట్టింది. ఆ జాతి మాత్రలే నేటికీ వాడుతున్నారు. ఈ రోగికి మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే గంటకూడా ఆగరాదు.

కండరం సన్నబడిన ప్రతి జబ్బూ పెరుగుతూ పోదు. ఈ ఊళ్ళోనే, నిమ్హాన్స్‌లో, డాక్టర్ ఎం. గౌరీదేవిగారు, సహచరులు 1984లో ఒక జబ్బును వర్ణించారు. అది ఎక్కువగా యువకులకు వస్తుంది. ఒక్క చెయ్యో, ఒక్క కాలో సన్నబడి, కొన్నేళ్ళకు అక్కడితో ఆగిపోతుంది. ఈ సంగతి తెలియడమే ఆ ఇంటికి సగం మందు.

ఇక పుట్టుకతో వచ్చేవి. వీటిలో ముఖ్యమైనది డ్యుషెన్ కండర క్షీణత. దాదాపు మగపిల్లలకే వస్తుంది. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లవాడు తరచు పడిపోతాడు, మెట్లెక్కలేడు, మునివేళ్ళమీద నడుస్తాడు, నేలమీదనుంచి లేచేటప్పుడు చేతులు తొడలమీద ఆనించి పైకి పాకుతాడు. పిక్కలు మాత్రం లావుగా ఉంటాయి. అందుచేత "పిక్కబలం గలవాడే, సోమరితనం" అని మందలిస్తారు. రక్తపరీక్షలో ఎస్.జి.ఒ.టి., ఎస్.జి.పి.టి. ఎక్కువ కనబడితే కామెర్లని పసరు పోయించేవారూ ఉన్నారు. అవి కండరం దెబ్బతిన్నా పెరుగుతాయి. అటువంటప్పుడు సి.కె. పరీక్ష కోరండి, ఆపైన జన్యుపరీక్ష.

ఈ జబ్బులో కండరాన్ని కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు తయారుకాదు. ఈ సంగతి 1987లో తేలింది. లోపం తల్లిద్వారా రావచ్చును; మూడింట ఒకవంతు బిడ్డలలో కొత్తగానే పుడుతుంది. కనుక కోడలిని ఆడిపోసుకోవడం అన్యాయం. దీనికి మేనరికంతో సంబంధం లేదు. అయితే నడుము, భుజాల కండరాలు క్షీణించే జబ్బులలో అనేకం, వెన్నుపాములోని నరకణాలు చెడే ఎస్.ఎం.ఎ. జబ్బు, తల్లీ తండ్రీ ఇద్దరివద్దా లోపముంటేనే వస్తాయి. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకవంతు ప్రమాదం. మేనరికంలో, అక్కకూతురి పెండ్లిలో ఇద్దరివద్దా ఒకే లోపముండే అవకాశం హెచ్చు. అటువంటి ఇంట రెండవ కాన్పుకు ముందే జన్యువైద్యుల సలహా పొందవలెను.

డ్యుషెన్‌ను పూర్తిగా పోగొట్టే మందు లేదు. 2023లో అమెరికాలో జన్యుచికిత్సకు అనుమతి ఇచ్చారు గాని అదీ పూర్తిగా నయంచేసేది కాదు, ఖర్చు కోట్లలో ఉన్నది. అయినా చేయగలిగింది చాలా ఉన్నది. డాక్టరు చెప్పిన మోతాదులో స్టెరాయిడ్లు ఇస్తే పిల్లవాడు మరి రెండు మూడేళ్ళు నడుస్తాడు. రోజూ మడమ స్నాయువులను మెల్లగా సాగదీయాలి. కఠినమైన కసరత్తు కూడదు. గుండెను, ఊపిరితిత్తులను క్రమంగా పరీక్ష చేయించాలి. ఆపరేషన్ చేయవలసివస్తే మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. కొన్ని మత్తుమందులు ప్రాణాపాయం. మూలకణాల సూదులని లక్షలు అడిగేవారిని నమ్మి పొలాలు అమ్ముకోవద్దు. ఈ జబ్బులకు అవి పనిచేస్తాయని రుజువు కాలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కండర క్షీణత కూడా చేరింది, సర్టిఫికెట్ తీసుకోండి. తోడులేక ప్రయాణం చేయలేనివారికీ, వెంట వచ్చే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యం, బడి మాన్పించకండి. కాళ్ళు ఆగినంతమాత్రాన చదువు ఆగనక్కరలేదు. మీ వీధిలో ఏ బిడ్డయినా తరచు పడిపోతుంటే తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు చెప్పండి.