సుఖప్రసవానికి ఇల్లంతా సిద్ధం కావాలి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాన్పు గురించి మాట్లాడతామంటే "అది ఆడవాళ్ల సంగతి కదా, మగవాళ్ల ముందెందుకు?" అన్నారు కొందరు. మగవాళ్ల ముందే మాట్లాడాలి. వేళకు బండి పిలవవలసింది ఎవరు? కాగితం మీద సంతకం పెట్టేది ఎవరు? రక్తం ఇవ్వవలసింది ఎవరు? ఇంటి మగవాళ్లకూ అత్తగారికీ తెలియనిదే నిండు చూలాలికి ఎంత తెలిసినా ఏం లాభం?

ఇవాళ మన ఇళ్లలో రెండు రకాల మాటలు వింటున్నాం. "మా నానీమా ఎనిమిదిమందిని ఇంట్లోనే కన్నది, డాక్టరు మొహం ఎరగదు" అనేది ఒకటి. నిజమే కావచ్చు. కానీ ఆమె ఈడు వాళ్లలో పురిట్లోనే కన్నుమూసిన వాళ్ల మాట ఎవరు చెబుతారు? బతికిన వాళ్ల కథలే మనదాకా వచ్చాయి.

"నొప్పులెందుకు పడాలి, ఆపరేషన్ చేయించేస్తే సరి" అనేది రెండో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో అయితే 81 పైమాటే. జనాభా మొత్తం మీద నూటికి 10 దాటాక సిజేరియన్లు పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైనప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అవసరం లేనప్పుడు మాత్రం కోత కోతే. కోలుకోవడానికి వారాలు పడుతుంది. తరువాతి కాన్పులో మాయ పాత గాటుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

మరి సుఖప్రసవం ఎలా అవుతుంది?

మొదటిది ఒంట్లో రక్తం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. 7కు తగ్గితే చాలా ప్రమాదం. కాన్పులో కొంత రక్తం ఎలాగూ పోతుంది. రక్తం బాగున్న తల్లి తట్టుకుంటుంది, లేని తల్లి తట్టుకోలేదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కనీసం 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఇంకో మాట. ముక్కలన్నీ అందరికీ వడ్డించి, చివర మిగిలిన షోర్వాతో కోడలు అన్నం తినే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తొమ్మిది నెలలైనా మొదటి పళ్లెం ఆమెదే కావాలి.

రెండవది వేళకు చూపించుకోవడం. కనీసం నాలుగుసార్లు తప్పదు. ఎనిమిదిసార్లు మంచిదని 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు, మూత్రం, షుగరు చూస్తారు. బిడ్డ అడ్డం తిరిగిందా, మాయ కిందికి ఉందా తెలుస్తుంది. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, మొహం ఉబ్బినా ఆ రోజే వెళ్లాలి. గుర్రపువాతం వచ్చే ముందు కనిపించే గుర్తులివి. బిడ్డ కదలిక తగ్గినా, నొప్పులకు ముందే రక్తం కనిపించినా అంతే.

మూడవది ఓపిక. గర్భాశయ ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకనే అసలు నొప్పుల దశ మొదలవుతుందనీ, అక్కడినుంచి తొలిచూలుకు 12 గంటల వరకు, తరువాతి కాన్పులకు 10 గంటల వరకు పట్టవచ్చుననీ 2018 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నంతసేపూ తొందర అక్కరలేదు. ఆమెను నడవనివ్వాలి, నీళ్లు తాగనివ్వాలి. కడుపు మీద నొక్కకూడదు. పక్కన తల్లో అక్కో ధైర్యం చెబుతూ ఉంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. కానీ బయట కూర్చున్న మనమేం చేస్తున్నాం? "ఇంకా ఎంతసేపండీ, కోసి తీసేయండి" అని మనమే ఒత్తిడి పెడుతున్నాం! ఆపరేషన్ అన్నప్పుడు "ఎందుకు? ప్రమాదం తల్లికా, బిడ్డకా? కొంతసేపు ఆగవచ్చా?" అని మర్యాదగా అడగండి. ఆగడానికి వీల్లేదంటే క్షణం ఆలస్యం చేయకండి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, అనుకోనిదానికి సిద్ధంగా ఉండడం. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల లోపే ప్రాణం పోవచ్చు. బిడ్డ పుట్టిన వెంటనే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది. ఆ మందు, తెలిసిన చెయ్యి, రక్తం, ఆపరేషన్ గది అందుబాటులో ఉన్నచోటే సహజ కాన్పు క్షేమం. అందుకే ఇంటి కాన్పు వద్దంటున్నాం. ఆసుపత్రికి వెళ్లడమంటే కోత కోయించుకోవడం అని కాదు.

గోషా సంగతీ చెప్పుకుందాం. మగ డాక్టరు దగ్గరకు రాలేక ఆడవాళ్లు పురిట్లో పోతుంటే, 1885లో మద్రాసులో డాక్టరు మేరీ షార్లీబ్ గోషా స్త్రీల కోసం ఆసుపత్రి ప్రారంభించింది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం గోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. మర్యాద కావాలి, వైద్యమూ కావాలి అని ఆనాడే ఆలోచించారు. లేడీ డాక్టరు కావాలంటే ముందుగానే కనుక్కోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఎవరున్నారని చూడకండి.

ఎనిమిదో నెల నిండేలోపు ప్రతి ఇంట్లో నాలుగు సంగతులు తేలిపోవాలి. ఏ ఆసుపత్రి? ఏ బండి, 108కి ఎవరు ఫోను చేస్తారు? రక్తం ఇచ్చే ఇద్దరు ఎవరు? భర్త ఊళ్లో లేకపోతే సరే అనేది ఎవరు? "ఆయన దుకాణం నుంచి రానీ, అడిగి చెబుతాం" అంటూ కూర్చుంటే రక్తం ఆగుతుందా?

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. సభ్యుల రక్తం గ్రూపులు, ఫోను నంబర్లు రాసిన పుస్తకం ఒకటి సంఘం ఆఫీసులో ఉంచండి. ఇవాళ సభ ముగిశాక మగవాళ్లందరూ తమ పేర్లు రాయించి వెళ్లండి. అర్ధరాత్రి ఎవరి బిడ్డకో ఆ పుస్తకం అక్కరకు వస్తుంది.