పొగబండికైనా మినహాయింపు వద్దు
(అత్వెల్లిలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సికింద్రాబాదు నుండి మేడ్చల్ వరకు పండుగ రోజుల్లోనైనా ఒక ఆవిరి బండి నడపమని రైల్వేవారికి వినతిపత్రం పంపాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. పాత గుమాస్తానని ముసాయిదా నాకు అప్పగించారు. రాసేముందు నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ బండి మీద నాకూ మమకారమే. ఈ దారి మీటరుగేజిగా ఉన్న రోజుల్లో నా కంట్లో బొగ్గు నలుసు పడితే మా అమ్మ కొంగు కొనతో తీసేది. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజను 1997లో మళ్ళీ ప్రయాణికులను లాగింది కనుక, మన కోరిక గొంతెమ్మ కోరికేమీ కాదు.

కాని ఇంగ్లండులో ఏం జరిగిందో వినండి. 2015 మార్చి 7న వుట్టన్ బాసెట్ వద్ద ఒక ఆవిరి బండి ఎర్ర సిగ్నలు దాటి జంక్షనులో ఆగింది. నిమిషం ముందే అక్కడి నుండి వేగంగా వెళ్ళే ప్రయాణికుల బండి దాటిపోయింది. ఇంజనులో దానంతటదే బ్రేకు వేసే పరికరం లేకపోలేదు. అంతకు కొంచెం ముందు అది బ్రేకు వేస్తే, బండి ఆపడానికి బదులు సిబ్బందే దాన్ని పనిచేయకుండా చేశారు.

అక్కడే పాత పెట్టెల తలుపులకు గార్డు ఒకేసారి తాళం వేసే ఏర్పాటు ఉండాలంటే, అంతవరకు మినహాయింపుతో నడిపిన సంస్థ కోర్టుకెక్కింది. 2023 డిసెంబరులో హైకోర్టు భద్రత చూసే అధికారుల పక్షానే తీర్పు చెప్పింది. మినహాయింపు ఫైళ్ళ సంగతి మనకు తెలియనిదా? తాత్కాలికమని మొదలై, 'గత సంవత్సరపు ఉత్తర్వుల ప్రకారం' అంటూ మనం రిటైరయ్యేదాకా నడిచేవి.

ఇక మన దారి. 2023 ఏప్రిల్ నుండి మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. వస్తున్నది. పట్టాల పైన 25,000 వోల్టుల తీగ ఉంది. వెనకటిలా నీళ్ళు పట్టడానికి, బొగ్గు సర్దడానికి మనిషి పైకెక్కితే ప్రాణం దక్కదు. బాయిలరులో నీటిమట్టం తగ్గితే పేలుడు ప్రమాదం. ఆ పని తెలిసిన డ్రైవర్లు, ఫైర్‌మెన్లు మనలాగే పెన్షనర్లయ్యారు.

ఈ దారిలోనే మాసాయిపేట వద్ద, కాపలా లేని గేటులో, 2014 జూలై 24న బడిపిల్లల బస్సును రైలు ఢీకొన్నది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మీద అటువంటి గేట్లన్నీ తీసేశారు. ఆ పిల్లలకు మాత్రం ఆలస్యమైపోయింది.

బిల్లు రాసినవాడే పాసు చేయకూడదన్నది మనం నేర్చుకున్న సూత్రం. రైల్వే భద్రతా కమిషనర్లు రైల్వే బోర్డు కింద కాక, పౌర విమానయాన శాఖ కింద ఉండడంలోని ఆంతర్యమూ అదే.

కనుక వినతిపత్రంలో ఈ వాక్యం కూడా రాస్తాను: 'కమిషనరుగారి తనిఖీ, బాయిలరు పరీక్ష, తలుపులకు తాళం, సిబ్బందికి శిక్షణ పూర్తయ్యాకే బండి నడపవలెను. ఏ మినహాయింపూ కోరము.' దీనివల్ల బండి ఆలస్యమైతే కానివ్వండి. మన పక్కన కూర్చునేది మనవలే కదా!

మీరు సమ్మతిస్తే రేపే సాపు రాసి సంతకాలకు పెడతాను. సెలవు.