మరుగుపడిన దస్త్రములు
(ఉపన్యాస పాఠము)



హత్య జరిగి అర్ధశతాబ్దము గడచినది. హంతకులు సుఖముగా బ్రతికి కన్నుమూసిరి. సాక్షులును కాలగతి నొందిరి. ఇక నా కాగితములను వెలికిదీయుటవలన ప్రయోజనమేమని కొందరు ప్రాజ్ఞులు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2019 జనవరి 8వ తేదీన శాసనరూపము దాల్చిన యొక చట్టము సమాధానము చెప్పుచున్నది. దానిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రమున ఎమ్మెట్ టిల్ అను పదునాలుగేండ్ల నల్లజాతి బాలుని చంపిరి. తెల్లవారితోడనే నిండిన జూరీ నిందితుల నిరువురను నిర్దోషులని విడిచిపెట్టెను. మరుసటి యేడు వారే యొక పత్రికవలన ద్రవ్యము పుచ్చుకొని తమ ఘాతుకమును చెప్పుకొనిరి! ఒకమారు విడుదలయైనవారిని ఆ నేరమునకే మరల విచారింపరాదు గావున శిక్ష తప్పినది. ఆ బాలుని తల్లి మాత్రము శవపేటికను మూయనీయలేదు. తన బిడ్డకు జరిగినదానిని లోకము కన్నులార చూడవలెనని పట్టుబట్టినది. ఆ తల్లి కోరినదియే యీ చట్టమునకు ప్రాణము.

1963 సెప్టెంబరు 15వ తేదీన అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరమున నొక చర్చి బాంబు ప్రేలుడునకు గురికాగా నలుగురు బాలికలు మడిసిరి. 1977లో నొక్క దోషికి మాత్రమే శిక్ష పడెను. 1964లోనే ఎఫ్.బి.ఐ. వారు మరియొక నిందితుని వంటయింటి సంభాషణలను రహస్యముగా టేపుపై పట్టియుంచిరి. కాని యవి 1977 నాటి అభియోక్తకు అందలేదు. 2001లో న్యాయస్థానమున వినిపింపగా నా నిందితునకు శిక్ష పడెను. సాక్ష్యము లేక న్యాయ మాగినదా? కాదు. సాక్ష్యము బీరువాలో నుండగనే న్యాయ మాగినది.

ఆ అభియోగమును నడపిన డగ్ జోన్స్ తరువాత సెనేటరై యీ బిల్లును ప్రవేశపెట్టెను. ప్రతిపక్షమువాడైన టెడ్ క్రూజ్ తోడుపడెను. అయినను దీనికి బీజము వేసినవారు న్యూజెర్సీలోని హైట్స్‌టౌన్ ఉన్నత పాఠశాల విద్యార్థులు. పాత హత్యల దస్త్రములను కోరినవారికి ఏండ్ల తరబడి జాగును, సిరా పూసిన పుటలును మాత్రమే లభించుట చూచి, వారే ముసాయిదాను వ్రాసి శాసనసభ్యుల గడపలు త్రొక్కిరి.

1940 మొదలు 1979 వరకు జరిగి తెగకుండ నిలచిన పౌరహక్కుల నేరముల దస్త్రములన్నియు జాతీయ దస్త్రభాండాగారమునకు చేరవలయును. వానిని బయలుపెట్టుటయే విధి, దాచుట అపవాదము. దాచదలచిన శాఖవారే కారణము చూపవలయును. ఆ కారణములను తూచుటకు ఉద్యోగులు గాని ప్రజలనుండి ఐదుగురు సభ్యుల సంఘ మేర్పడవలయును. కెన్నెడీ హత్యకు సంబంధించిన 1992 నాటి చట్టము దీనికి ఒరవడి.

ఐనను 2022 ఫిబ్రవరి వరకు ఆ సంఘసభ్యుల నియామకమునకు సెనేటు ఆమోదము లభింపలేదు! చట్టము చేయుట యొక యెత్తు, నడపుట యొక యెత్తు. జాగు జరిగినకొలది ముసలి సాక్షులును, ముసలి తల్లులును రాలిపోవుదురు.

బ్రతికియున్నవారి పేరుప్రతిష్ఠలకు భంగము కలుగదా యందురేని, తగిన కారణమున్నచో ప్రకటనమును వాయిదా వేయుటకు ఆ చట్టమే వీలు కల్పించినది. కాని ప్రభుత్వపు సిగ్గు అట్టి కారణము కానేరదు.

ఇది పరదేశపు ముచ్చట యని మన మూరకుండరాదు. జాతివివక్షను పాటించిన వలస నిబంధనలను 1965లో తొలగించినది ఆ పౌరహక్కుల యుద్యమ కాలమే. మన తెలుగు బిడ్డలు వేలకొలది ఆ దేశమున ప్రవేశించినది ఆ తెరచిన ద్వారముననే. ఆ ద్వారమును తెరచుటకు నెత్తురు ధారవోసినవారి మరణగాథ చీకటిలో నుండుట మనకును తగదు.

చచ్చినవారిని ఏ చట్టమును బ్రతికింపజాలదు. చచ్చిన దోషిని ఏ న్యాయస్థానమును శిక్షింపజాలదు. నిజము తెలిసికొను హక్కు మాత్రము బ్రతికియున్న బిడ్డలకు మిగిలియున్నది. ఆ హక్కునకు గడువు లేదు.