బిడ్డ చెవిన వేసిన మాట బిడ్డకు వినబడిందా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇండ్లలో బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్ వినిపిస్తాం. అది బిడ్డకు వినబడిందా లేదా అని మాత్రం ఎవ్వరమూ అడగం. ఈ రోజు మేము మాట్లాడదలచింది ఆ సంగతే.

మా తరగతిలో ఒక పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చునేవాడు. "ధ్యాస లేదురా నీకు" అని ఏడాదంతా కోప్పడ్డాం, బెంచీ ఎక్కించాం. ఇంట్లో దాదీ "వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అనేది. చివరకు పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ లోపం తేలింది. తీరా చూస్తే, వాడు పుట్టినప్పుడే ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో "రిఫర్" అని ఉంది. ఆ కాగితం టీకాల కార్డుతోపాటు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండిపోయింది. తప్పు ఇంటివారి ఒక్కరిదే కాదు, పంతుళ్లం మాది కూడా.

ఆ మాటకు అర్థం తెలుసుకుందాం. పసిబిడ్డకు సాధారణంగా మొదట చేసేది ఓ.ఏ.ఇ. పరీక్ష. చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి సన్నని శబ్దాలు పంపుతారు. లోపలి చెవి బాగుంటే చిన్న ప్రతిధ్వని తిరిగి వస్తుంది, దాన్ని యంత్రం పట్టుకుంటుంది. నొప్పి లేదు, సూది లేదు. ప్రతిధ్వని వస్తే "పాస్". రాకపోతే "రిఫర్", అంటే మళ్లీ చూడాలని. రిఫర్ అంటే చెవుడని కాదు. కాన్పునాటి మడ్డి చెవిలో ఉన్నా, బిడ్డ ఏడ్చినా అలా రావచ్చు. అయితే ఏమీ లేదని ఊరుకోవడానికీ వీల్లేదు.

రెండోసారీ రిఫర్ వస్తే బెరా పరీక్ష చేయించాలి. నిద్రపోయే బిడ్డ తలకు చిన్న బిళ్లలు అంటించి, శబ్దం నరం గుండా మెదడు వైపు చేరుతున్నదో లేదో చూస్తారు. రిపోర్టులో ఒక్కో చెవికి విడిగా డెసిబెల్ అంకె ఉంటుంది. మన మామూలు మాట సుమారు 60 డెసిబెళ్లు. బిడ్డకు 70 దాటితేగాని వినబడదంటే, అమ్మ జోలపాట కూడా చేరడం లేదన్నమాట.

లెక్క మూడు అంకెలు: 1, 3, 6. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చెవి మిషను, మాటల శిక్షణ. "చిల్లా కానీయండి, ఏడాది నిండనీయండి" అని జరిపితే మాట నేర్చే కాలం జారిపోతుంది. పళ్లెం మోగించి చూసి సరిపెట్టుకోవద్దు. బిడ్డ అదురుకు, నీడకు కూడా తల తిప్పుతుంది. పాస్ అయిన బిడ్డకైనా పచ్చకామెర్లు ముదిరినా, మెదడువాపు వచ్చినా మళ్లీ చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ వీధి ఆశా కార్యకర్తను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా చేరి ఉంది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగముంది. 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ వినికిడి సంస్థకు మన హైదరాబాదువారైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

మిషను పెట్టాక ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలోనే, ఉర్దూ అయితే ఉర్దూలోనే, బిడ్డతో ధారాళంగా మాట్లాడండి. మిషనుతో ఫలితం లేకుంటే కాక్లియర్ ఇంప్లాంటు గురించి డాక్టరునడగండి. సైగల భాష కూడా భాషే, అందులో నామోషీ లేదు.

అయ్యా, అజాన్ ఇచ్చిన తండ్రి నెల తిరక్కముందే ఆ కాగితం కూడా చదివించుకోవాలని మా మనవి. ఇంటికి వెళ్లగానే ట్రంకుపెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. ఖుదా హాఫిజ్.