ముదిమిలో ఎముకల రక్షణ

పంచాయతీ సభ్యులారా! వాకిట జారిపడిన ముదుసలికి తుంటి విరిగినచో, కట్టు కట్టించి ఊరకుండరాదని మనవి చేయుచున్నాము. స్వల్పమైన దెబ్బకే విరుగుట ఎముకలు గుల్లబారినవనుటకు గురుతు. ముట్లుడిగిన స్త్రీలలో ఈ వ్యాధి హెచ్చు.

ఎముకకు కాల్షియం కావలెను. దానిని ప్రేగులు గ్రహించుటకు డి విటమిను కావలెను. పెద్దలకు దినమునకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. పాలు, పెరుగు, మునగాకు తోడు కావలెను. ఎండ సోకిన చర్మము డి విటమినును తయారుచేయును.

అయితే ఇవి పునాది మాత్రమే. ఎముక విరిగినవారికి అరుగుదలను అరికట్టు మందులును అవసరము కావచ్చును. మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. అట్టి వృద్ధులను గుర్తించి వైద్యశాలకు పంపుడు. మరల విరుగు ప్రమాదము తగ్గును.